గుండె తలుపు అంచున పోగులు

ఎకో రిపోర్టులో అన్నీ బాగానే ఉంటాయి. గుండె బలంగానే కొట్టుకుంటోంది. గదుల కొలతలు సరిగ్గానే ఉన్నాయి. కవాటాలు చక్కగా తెరుచుకుని మూసుకుంటున్నాయి. ఇంటిల్లిపాదీ తేలికపడుతుండగా చివర్లో ఓ వాక్యం... బృహద్ధమని కవాటం అంచున సన్నటి పోగులాంటిదేదో కదులుతోందని! పక్కనే నోరు తిరగని పేరొకటి... లాంబుల్స్ ఎక్స్‌క్రెసెన్స్.

ఇక మొదలవుతుంది కంగారు. గుండెలో ఏదో మొలిచిందట అని ఒకరు, గడ్డేమోనని మరొకరు, ఆపరేషన్ తప్పదేమోనని ఇంకొకరు. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు.

నిజానికి ఆ పోగు కొత్త జబ్బేమీ కాదు. ఏ బాధా లేని ఎందరి గుండెల్లోనో ఉంటుంది. ఉన్నట్టు వాళ్లకు తెలియదంతే. అలాగని, ఎప్పుడూ పట్టించుకోనక్కర్లేదనీ కాదు. పక్షవాతం వచ్చిన మనిషి గుండెలో అదే పోగు కనిపిస్తే... నేరం దానిదేనా కాదా అని తేల్చడం పెద్ద డాక్టర్లకూ కష్టమే. ఆ తీర్పులో పొరబాటు జరిగితే నష్టం రెండు రకాలు. అమాయకపు పోగు కోసం ఏళ్ల తరబడి రక్తం పల్చబడే మందులు మింగాల్సి రావచ్చు. లేదా, దోషి దొరికిందని తృప్తిపడి అసలు కారణాన్ని వెతకడమే మానేయొచ్చు. రెండోది మరీ ప్రమాదం.

రోజుకు లక్షసార్లు

కవాటం అంటే తలుపు రెక్క అనే అర్థం. గుండెలో అలాంటి తలుపులు నాలుగు. రక్తాన్ని ముందుకు పోనిచ్చి, వెనక్కి రాకుండా మూసుకోవడం వాటి పని. గుండె నిమిషానికి 72 సార్లు కొట్టుకుంటుందనుకుంటే రోజుకు లక్షకు పైనే. 60 ఏళ్లకు లెక్కగడితే 220 కోట్లు దాటుతుంది. అన్నిసార్లూ ఆ రెక్కలు తెరుచుకోవాలి, మళ్లీ అంచుకు అంచు ఆనేలా మూసుకోవాలి. సెలవన్నది లేదు.

ఆ రెక్కలేమన్నా దళసరివా అంటే అదీ కాదు. బృహద్ధమని కవాటానికి మూడు రెక్కలుంటాయి. ఒక్కోటీ మిల్లీమీటరు మందం కూడా ఉండదు. బీపీ చూసినప్పుడు కింది అంకె 80 అని చెబుతారు కదా... ఈ కవాటం మూసుకుని ఉన్నప్పుడు అవతల నుంచి దాని మీద పడే ఒత్తిడి దాదాపు అంత. గుండె ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉండే ద్విపత్ర కవాటం మోసేది ఇంకా ఎక్కువ, బీపీలో పై అంకెకు దగ్గరగా ఉంటుంది. కుడివైపు కవాటాలకు ఇంత భారం లేదు. ఊపిరితిత్తులకు రక్తం పంపడానికి అంత ఒత్తిడి అక్కర్లేదు మరి. పోగులు ఎక్కువగా ఎడమవైపు కవాటాల మీదే, ముఖ్యంగా బృహద్ధమని కవాటం మీద కనిపించడానికి ఇదో కారణం.

రోజూ వాడే తువ్వాలు అంచు చూడండి. ఉతికి ఉతికి, పిండి పిండి కొన్నాళ్లకు అంచున పోగులు లేస్తాయి. బట్ట చిరిగినట్టు కాదు, వాడకం అలాంటిది. కవాటం దగ్గరా ఇంచుమించు అదే జరుగుతుంది. రెక్కలు ఒకదాన్నొకటి తాకే గీత వెంబడి పైపొర అక్కడక్కడా రాచుకుపోతుంది. ఆ పొర ఒకే ఒక్క వరస కణాలతో అల్లినంత పలచన. రాచుకున్న చోట రక్తంలోని ఫైబ్రిన్ అనే పదార్థం కొద్దిగా పేరుకుంటుంది. దెబ్బ తగిలినప్పుడు రక్తం గడ్డకట్టడానికి వల అల్లేది ఈ ఫైబ్రినే. దాని మీద మళ్లీ కొత్త పొర కమ్ముకుంటుంది. మెల్లగా అదో చిన్న పోగులా తయారవుతుంది. మందం మిల్లీమీటరుకు అటూఇటూ. పొడవు కొన్ని మిల్లీమీటర్లు, ఒక్కోసారి సెంటీమీటరు. రక్త ప్రవాహంలో నీటి అడుగున నాచులా ఊగుతూ ఉంటుంది. అప్పుడప్పుడూ నాలుగైదు పోగులు ఒకదానికొకటి అతుక్కుని పెద్దవి కూడా అవుతాయి.

ఇందులో సూక్ష్మక్రిములు లేవు. క్యాన్సర్ లేదు. గుండె మానకుండా పనిచేసినందుకు మిగిలిన గుర్తు, అంతే.

ఒకే మనిషి... రెండు కనుగోళ్లు

ఈ పోగులకు ఆ పేరు తెచ్చిపెట్టిన విలెమ్ డుషాన్ లాంబుల్ చెక్ వైద్యుడు. 1824లో బొహీమియా ప్రాంతంలోని లెటినీ గ్రామంలో పుట్టాడు. ప్రాగ్‌లో చదువుకుని, అక్కడి పిల్లల ఆసుపత్రిలో పనిచేశాడు. సూక్ష్మదర్శిని ముందు కూర్చుంటే లోకం మరిచిపోయే రకం. ఎక్స్‌రే కూడా లేని రోజులవి. గుండె లోపల ఏముందో చూడాలంటే మనిషి చనిపోయాక చూడాల్సిందే. అలా చూసినప్పుడు బృహద్ధమని కవాటం రెక్కల అంచుల్లో సన్నటి పోగులు కనిపించాయి. 1856లో వాటి గురించి రాశాడు.

మరో మూడేళ్లకు, 1859లో, ఆయన ఇంకొకటి చూశాడు. విరేచనాలతో బాధపడుతున్న పిల్లల మలంలో ఈదులాడే ఓ ఏకకణ జీవి. దానిపేరు వింటే మన ఇళ్లలోనూ చాలామంది గుర్తుపడతారు... జియార్డియా! మంచినీళ్లు బాగోలేనప్పుడు పిల్లల కడుపుల్లో చేరి సతాయించేది అదే. శాస్త్రవేత్తలు తర్వాతి కాలంలో దానికి పెట్టిన జియార్డియా లాంబ్లియా అన్న పేరులో లాంబుల్ ఇప్పటికీ ఉన్నాడు. ఆయన మాత్రం ప్రాగ్ వదిలి ఖార్కివ్‌కూ, అక్కడి నుంచి వార్సాకూ వెళ్లి పాఠాలు చెప్పుకుంటూ 1895లో కన్నుమూశాడు.

విచిత్రమేమిటంటే ఆ రెండు కనుగోళ్ల తలరాతలూ తిరగబడ్డాయి. జియార్డియాను చాలాకాలం పాటు ఎందరో వైద్యులు హాని చేయని జీవి అనుకున్నారు. అది నిజంగానే జబ్బు తెస్తుందని ఒప్పుకోవడానికి 20వ శతాబ్దం సగం గడవాల్సి వచ్చింది. కవాటం మీది పోగులదేమో ఇందుకు రివర్సు. శవపరీక్షల్లో తరచూ కనబడే వాటిని అంతగా పట్టించుకున్నవాళ్లు లేరు. బతికున్న మనిషి గుండెలో వాటిని చూడగలిగే రోజు వచ్చాకే అనుమానాలు మొదలయ్యాయి. కంటికి కనిపించింది కదా అని నేరం మోపలేం, మామూలే కదా అని వదిలేయనూ లేం అని రెండు కథలూ చెబుతున్నాయి.

గొంతులోంచి చూసే కన్ను

శబ్ద తరంగాలతో గుండెను చూడొచ్చని 1953లో స్వీడన్‌లోని లుండ్‌లో నిరూపించారు ఇంగె ఎడ్లర్, హెల్ముట్ హెర్ట్జ్. ఒకరు డాక్టరు, మరొకరు భౌతికశాస్త్రవేత్త. వాళ్ల తొలి ప్రయత్నాలకు వాడింది ఓడల కర్మాగారంలో లోహాల్లో పగుళ్లు పట్టుకునే యంత్రాన్ని! ఇవాళ పట్టణాల్లో ఎక్కడ చూసినా కనిపించే ఎకో పరీక్షకు అదే మూలం.

ఛాతీ మీద జెల్ రాసి చేసే మామూలు ఎకోలో ఈ పోగులు చాలాసార్లు దొరకవు. మధ్యలో పక్కటెముకలు, ఊపిరితిత్తుల్లోని గాలి అడ్డం. అందుకే 1980ల నుంచీ మరో పద్ధతి వాడుకలోకి వచ్చింది. సన్నటి గొట్టం చివర చిన్న పరికరం అమర్చి, నోట్లోంచి అన్నవాహికలోకి దింపుతారు. అన్నవాహిక సరిగ్గా గుండె ఎడమ పై గది వెనకే ఉంటుంది. అక్కడి నుంచి చూస్తే కిటికీ పక్కన నిలబడి చూసినట్టే. దీన్ని టీఈఈ అంటారు. పరీక్షకు ముందు కొన్ని గంటలు ఏమీ తినకూడదు. గొంతుకు మొద్దుబారే మందు కొట్టి, కాస్త మగతగా ఉండేలా ఇంజెక్షన్ ఇస్తారు. కొద్ది నిమిషాల్లో అయిపోతుంది.

చూపు పదునెక్కేసరికి కనిపించేవి కూడా ఎక్కువయ్యాయి. చిక్కు అక్కడే వచ్చింది. ఈ పరీక్ష ఎక్కువగా ఎవరికి చేస్తారు? పక్షవాతం వచ్చి, కారణం అంతు చిక్కనివాళ్లకి. వాళ్ల గుండెల్లో పోగులు కనిపించడంతో... దొంగ దొరికాడన్నారు కొందరు.

అక్కడే ఉన్నాడు సరే... చేశాడా?

అనుమానించడానికి కారణం లేకపోలేదు. బృహద్ధమని కవాటం దాటిన రక్తంలో కొంత సూటిగా మెదడుకే వెళుతుంది. పోగులోంచి ఓ తునక తెగినా, పోగు మీద చిన్న రక్తపు గడ్డ కట్టి అది విడిపోయినా మెదడులోని సన్నటి రక్తనాళంలో ఇరుక్కోవచ్చు. అలా జరిగిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి కూడా. ఆపరేషన్ చేసి తీసిన పోగుల మీద గడ్డలు కనిపించిన సంఘటనలున్నాయి. మరీ అరుదుగా గుండెకు రక్తం ఇచ్చే నాళం మొదట్లో అడ్డుపడి ఛాతీ నొప్పి తెప్పించినవీ ఉన్నాయి.

అయితే పెళ్లింట్లో నగ పోయినప్పుడు ఎర్రచొక్కా వాడొకడు అక్కడున్నాడని పట్టుకుంటే సరిపోదు కదా. ఎర్రచొక్కాలు వేసుకున్నవాళ్లు ఆ ఊళ్లో ఎంతమంది ఉన్నారో కూడా చూడాలి. పరిశోధకులు అదే చేశారు. అమెరికాలో జరిపి 1997లో ప్రచురించిన ఓ పరిశోధనలో ఏ జబ్బూ లేని 90 మంది వాలంటీర్లకు టీఈఈ చేశారు. 38 శాతం మందికి పోగులున్నాయి! అంటే ప్రతి అయిదుగురిలో దాదాపు ఇద్దరికి. గుండెలోంచి గడ్డలు వెళ్లాయన్న అనుమానం ఉన్న రోగుల్లోనూ, అలాంటి అనుమానం లేని రోగుల్లోనూ చూసినా లెక్కల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ తర్వాత గమనిస్తూ వచ్చినా, పోగులున్నందుకు ప్రత్యేకంగా ముప్పు పెరిగినట్టు తేలలేదు.

అదే ఏడాది ఫ్రాన్స్ నుంచి వచ్చిన మరో పరిశోధన కాస్త వేరేగా చెప్పింది. ద్విపత్ర కవాటం మీది పోగులు పక్షవాతం వచ్చినవాళ్లలో సుమారు 22 శాతం మందికి, రానివాళ్లలో 12 శాతం మందికి కనిపించాయి. ఇదేమిటి, దాదాపు రెట్టింపు కదా అనిపిస్తుంది. కానీ ఆ రోగులను తర్వాత కొన్నేళ్లు గమనిస్తే, పోగులున్నవాళ్లకు మళ్లీ పక్షవాతం వచ్చే అవకాశం లేనివాళ్ల కంటే ఎక్కువేమీ లేదు. దోషి నిజంగా పోగే అయితే, అది అక్కడే ఉంది కాబట్టి మళ్లీ మళ్లీ చేయాలి. అలా జరగలేదు.

ఈ రెండూ కలిపి చూస్తే తేలేది ఒకటే. నూటికి తొంభైపాళ్లు ఈ పోగులు ఊరికే అక్కడ ఉండేవే అనుకోవడం సబబు. ఏ ఒక్కరి విషయంలోనో మాత్రం నిజంగానే కారణం కావచ్చు. ఆ మాట అనడానికి ముందు మిగతా అనుమానితులందరినీ పిలిచి విచారించాలి.

అసలు దొంగలు వేరే ఉండొచ్చు

మెదడులో రక్తనాళం మూసుకుపోయి వచ్చే పక్షవాతాల్లో సుమారు నాలుగోవంతుకు మొదటి పరీక్షల్లో స్పష్టమైన కారణం దొరకదు. అలాంటప్పుడు పోగు కనిపిస్తే దాని మీదకే మనసు పోతుంది. కానీ వెతకాల్సినవి చాలా ఉన్నాయి.

మొదటిది గుండె లయ. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే లయ తప్పే జబ్బు వచ్చి పోతూ ఉంటుంది. ఈసీజీ తీసే పది సెకన్లలో అది కనిపించకపోవచ్చు. అందుకే 24 గంటలు, అవసరమైతే ఇంకా ఎక్కువ రోజులు లయను నమోదు చేసే హోల్టర్ లాంటి పరికరాలు పెడతారు. రెండోది మెడలోని రక్తనాళాల్లో కొవ్వు పేరుకోవడం. డాప్లర్ పరీక్షలో తెలుస్తుంది. మూడోది గుండె పై గదుల మధ్య గోడలో పుట్టుకతో ఉండే చిన్న సందు. చిన్నవయసు వాళ్లకు పక్షవాతం వస్తే దాన్ని తప్పక చూస్తారు. వీటన్నిటి వెనకా బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, పొగ తాగడం ఎలాగూ ఉంటాయి. బీపీ మాత్రలు ఆర్నెల్లుగా మానేసిన మనిషికి పక్షవాతం వస్తే, కవాటం మీది మిల్లీమీటరు పోగును నిందించి ప్రయోజనం ఏముంది?

పోలిక కొంప ముంచొచ్చు

ఇంకో జాగ్రత్త... ఎకోలో పోగులా కనిపించినవన్నీ పోగులే కాకపోవచ్చు. అలా భ్రమపెట్టేవి ముఖ్యంగా మూడున్నాయి.

ఒకటి, కవాటానికి ఇన్ఫెక్షన్ సోకినప్పుడు కట్టే గడ్డలు. ఎండోకార్డైటిస్ అంటారు. దీన్ని వదిలేస్తే ప్రాణానికే ముప్పు. రోజుల తరబడి వదలని జ్వరం, చలి, నీరసం, బరువు తగ్గడం, కవాటం కారడం దీని గుర్తులు. చిన్నప్పుడు కీళ్లవాతపు జ్వరం వచ్చి కవాటాలు దెబ్బతిన్నవాళ్లు మన దగ్గర ఇంకా ఉన్నారు. అలాంటివాళ్లూ, కృత్రిమ కవాటం వేయించుకున్నవాళ్లూ జ్వరాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. మందులషాపులో యాంటీబయాటిక్ కొనుక్కుని రెండ్రోజులు వాడేస్తే, తర్వాత రక్తం కల్చర్ పరీక్షలో క్రిమి దొరక్కుండా పోతుంది. జబ్బు మాత్రం లోపల ముదురుతూనే ఉంటుంది. నిర్ధారణ అయితే సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు యాంటీబయాటిక్ చికిత్స చేయాలి, అదీ ఎక్కువగా రక్తనాళం ద్వారానే.

రెండోది, ప్యాపిల్లరీ ఫైబ్రోఎలాస్టోమా. క్యాన్సర్ కాని కణితి. పోగు సన్నటి దారంలా ఉంటే ఇది చిన్న కాడ మీద గుండ్రంగా ఉంటుంది. నీళ్లలో వేస్తే సముద్రపు పువ్వులా విచ్చుకుంటుంది. దీని మీద గడ్డలు కట్టి మెదడుకు వెళ్లే ప్రమాదం పోగుల కంటే బాగా ఎక్కువ. అందుకే ఎడమవైపు కవాటం మీద, పెద్దదిగా, ఊగులాడుతూ ఉంటే తీసేయమంటారు. చాలాసార్లు కవాటాన్ని అలాగే ఉంచి దీన్నొక్కదాన్నే తొలగించగలుగుతారు.

మూడోది, మామూలు రక్తపు గడ్డ. కృత్రిమ కవాటం ఉండి, రక్తం పల్చబడే మందు సరిగా వేసుకోని వాళ్లలో దీని భయం ఎక్కువ.

ఈ తేడాలు ఒక్క ఎకో బొమ్మతోనే తేలవు. జ్వరం ఉందా, రక్తపరీక్ష ఏం చెబుతోంది, కవాటం కారుతోందా, కొన్ని నెలల తర్వాత చూస్తే పెరిగిందా అన్నవన్నీ కలిపి చూడాలి. ఇన్ఫెక్షన్ గడ్డా, రక్తపు గడ్డా చికిత్సతో మారిపోతాయి. పోగు మాత్రం ఎప్పటిలాగే ఊగుతూ ఉంటుంది.

మందు ఎవరికి... ఆపరేషన్ ఎవరికి

ఏ లక్షణమూ లేకుండా, వేరే పనికి చేసిన పరీక్షలో పోగు కనిపిస్తే మామూలుగా ఏ చికిత్సా అక్కర్లేదు. అప్పుడప్పుడూ ఎకో చేయించుకుంటే చాలు. పనులు మానేయక్కర్లేదు, మెట్లెక్కడానికి భయపడక్కర్లేదు.

పక్షవాతమో, కాసేపు మాట పడిపోయి మళ్లీ రావడమో జరిగి, అన్నీ వెతికినా పోగు తప్ప మరేమీ దొరక్కపోతే అప్పుడు మందు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివో, వార్ఫరిన్ లాంటివో డాక్టరు ఎంచుకుంటారు. కేవలం ఈ పోగుల మీదే ఏ మందు మేలో తేల్చే పెద్ద ప్రయోగాలు జరగలేదు కాబట్టి, మనిషిని బట్టి నిర్ణయం మారుతుంది. మందు వాడుతున్నా మళ్లీ దాడి జరిగితే అప్పుడే ఆపరేషన్ మాట వస్తుంది. ఛాతీ తెరిచి, గుండెను ఆపి చేయాల్సిన పని అది. కంటికి కనిపించీ కనిపించని పోగు కోసం అంత దూరం వెళ్లాలంటే గట్టి కారణం ఉండాలి.

రక్తం పల్చబడే మందులు ఊరికే వేసుకునే విటమిన్ మాత్రలు కావు. కడుపులోనో, మెదడులోనో రక్తస్రావం అయ్యే ప్రమాదం వాటితో ఉంటుంది. వార్ఫరిన్ అయితే ఐఎన్ఆర్ పరీక్ష క్రమం తప్పకుండా చేయించాలి. పక్కింటాయన వాడుతున్నాడని మొదలుపెట్టకూడదు. డాక్టరు రాసినవి మనంతట మనం మానేయనూ కూడదు.

అడగాల్సిన నాలుగు మాటలు

రిపోర్టులో ఈ పేరు కనిపించినప్పుడు డాక్టరును అడగాల్సినవి ఇవి. ఇది పోగేనని ఎంత నమ్మకంగా చెప్పగలరు? ఇన్ఫెక్షన్ గానీ, కణితి గానీ కాదని ఎలా తేల్చారు? పక్షవాతం వచ్చి ఉంటే, లయ పరీక్షా, మెడ నాళాల పరీక్షా చేశారా? మందు రాస్తే, దానివల్ల కలిగే లాభం రక్తస్రావం భయం కంటే ఎక్కువేనా?

ఇంట్లో అందరూ గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటి ఉంది. పోగు ఉన్నా లేకపోయినా... మూతి ఒక పక్కకు పోయినా, ఒక చెయ్యి పైకి లేవకపోయినా, మాట తడబడినా క్షణం ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి వెళ్లాలి. గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. అయిదు నిమిషాల్లో దానంతటదే తగ్గిపోయినా సరే, చూపించుకోవాల్సిందే. తర్వాత రాబోయే పెద్ద దెబ్బకు అది హెచ్చరిక కావచ్చు.

ఇక ఆ ఎకో రిపోర్టును బీరువాలో ఏ మూలో పడేయకుండా జాగ్రత్తగా ఫైలు చేయండి. వీడియో ఇస్తే దాన్నీ దాచండి. రెండేళ్ల తర్వాత మరో ఊళ్లో మరో డాక్టరు చూసినా ఆయనకు మొదట కావాల్సింది అదే. అప్పుడు ఆరు మిల్లీమీటర్లుంది, ఇప్పుడూ ఆరే ఉందని తేలితే... సగం భయం అక్కడికక్కడే తీరిపోతుంది.